మందు కొట్టి వచ్చిన రాత్రి నాన్నకు ఏమైంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. నాన్నకు యాభై ఎనిమిదేళ్లు. నాలుగెకరాల పత్తి, ఎకరం మిరప వేస్తారు. ముప్పై ఏళ్లుగా పురుగు మందు ఆయనే కొడతారు. పోయిన వారం పత్తికి ప్రొఫెనోఫాస్ కొట్టి వచ్చిన సాయంత్రం తలనొప్పి అన్నారు. చూపు మసకగా ఉందన్నారు. ఒళ్లంతా చెమటలు, నోట్లో నీళ్లూరడం, రెండుసార్లు వాంతి. అమ్మ స్నానం చేయించి చెంబెడు మజ్జిగ తాగించింది. పొద్దునకి మామూలుగానే లేచారు. "ఎండ దెబ్బ. ముప్పై ఏళ్లలో కానిది ఇప్పుడేమవుతుంది? డబ్బా మీద ఎర్ర గుర్తు కూడా లేదు, పసుపే" అంటున్నారు. ఆ పది రోజుల ముందు, అంతకు పది రోజుల ముందు కూడా అదే మందు కొట్టారు, అప్పుడేమీ కాలేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, నా రెండేళ్ల బాబు అమ్మ దగ్గరే ఉంటాడు. నాన్న బట్టలు, బాబు బట్టలు అమ్మ ఒకే బకెట్‌లో నానబెడుతుంది. తమ్ముడేమో ఇకమీదట పొగాకు కషాయం, ఉమ్మెత్త కషాయం కొడదాం, సహజమైనవి కాబట్టి ఏమీ కాదు అంటున్నాడు. మనం తినే కూరగాయల్లోనూ ఈ మందులే కదా అని ఇంకో టెన్షన్. అసలు దేనికి ఎంత భయపడాలి? — ఒక కూతురు

సమాధానం:

అమ్మా, ముందు చేయాల్సింది చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ సీజన్‌లో మీ నాన్నగారు ఇక మందు కొట్టకూడదు. పంపు ఇంకెవరికైనా అప్పగించాలి. ఈ వారంలోనే ఆయన్ని డాక్టరుకు చూపించి, రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయించండి. చిన్న ఊళ్లలో చేయకపోవచ్చు, ఖమ్మంలోనో వరంగల్‌లోనో పెద్ద ల్యాబ్‌లో అడగండి. వెళ్లేటప్పుడు ఆ మందు డబ్బా, లేదా దాని లేబుల్ ఫోటో తప్పకుండా తీసుకెళ్లాలి. బాబు బట్టలు మాత్రం ఇవాళ్టి నుంచే వేరు.

ఇప్పుడు ఎండ దెబ్బ సంగతి. ఎండ దెబ్బ తగిలిన మనిషికి నోరు పిడచగట్టుకుపోతుంది. మీ నాన్నకు నీళ్లూరాయి. ఆ ఒక్క మాట చాలు నాకు. దానికి మసక చూపు, చెమటలు, వాంతులు తోడయ్యాయి. ఆ రాత్రి ఎవరైనా ఆయన కళ్లలోకి చూసి ఉంటే కంటి పాపలు ఆవగింజంత అయిపోయి కనిపించేవేమో. క్యాజువాల్టీలో పని చేసిన రోజుల్లో, పత్తికి మందులు కొట్టే నెలల్లో ఇలాంటి వాళ్లు వస్తూనే ఉండేవారు. పేరు రాసుకోకముందే కంటి పాప చూసేవాళ్లం. ఇది ఎండ కాదు. తక్కువ మోతాదులో పురుగు మందు విషం ఎక్కడమే.

ప్రొఫెనోఫాస్ ఆర్గానో ఫాస్ఫేట్ జాతి మందు. ఈ జాతి ఒంట్లో చేసే పని తెలిస్తే లక్షణాలన్నీ ఒకే దారానికి గుచ్చినట్టు కనిపిస్తాయి. మన నరం ఒక కండరానికో, గ్రంథికో "పని మొదలుపెట్టు" అని చెప్పాలంటే తన కొసన ఎసిటైల్ కోలిన్ అనే రసాయనాన్ని చిటికెడు వదులుతుంది. కాలింగ్ బెల్ నొక్కినట్టన్నమాట. బెల్ మోగగానే ఆ వేలిని బటన్ మీంచి తీసేయడానికి ఒక ఎంజైమ్ కాచుకుని ఉంటుంది. అదే కోలినెస్టరేజ్. ఆర్గానో ఫాస్ఫేట్ వెళ్లి ఈ ఎంజైమ్‌కి అతుక్కుంటుంది. ఇక వేలు తీసేవాడు లేడు. బెల్ మోగుతూనే ఉంటుంది. లాలాజల గ్రంథి దగ్గర మోగితే చొంగ, చెమట గ్రంథి దగ్గర మోగితే చెమట, కంటి పాప దగ్గర మోగితే పాప ముడుచుకుపోయి మసక, పేగుల దగ్గర మోగితే వాంతి, విరేచనం. కండరాల్లో మోగితే ఒళ్లంతా చిన్నచిన్నగా అదురుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు ఊరి, ఊపిరి పీల్చే కండరాలు అలిసిపోయి ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది. పురుగు చావడమూ ఇలాగే. మనకూ పురుగుకూ ఈ ఎంజైమ్ ఇంచుమించు ఒకటే, తేడా మోతాదులోనే.

మోతాదు అన్నాను కదా, విషశాస్త్రం మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. విషం కాని పదార్థమంటూ లేదు, మోతాదే దాన్ని విషం చేస్తుంది అని పారాసెల్సస్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు 16వ శతాబ్దంలోనే రాశాడు. మన వాళ్లు ఆ సంగతి ఒక మాటలోనే దాచిపెట్టారనిపిస్తుంది నాకు. జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే, సాయంత్రం సీసాలో వచ్చేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. ఊళ్లో "మందు కొట్టి వచ్చాడు" అంటే చేనుకా, దుకాణానికా అని అడగాల్సిందే. (మీ నాన్నగారు చేను మందు కొట్టి వచ్చిన రోజు సాయంత్రం రెండో రకం కూడా కొడతారా? ఉత్తరంలో రాయలేదు. కొడితే ఆ రోజులకైనా మానమనండి. తల తిరుగుడు, వాంతి ఏ మందు వల్లో ఇంట్లో వాళ్లకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.)

సరే, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది. అదే మందు, అదే పంపు, అదే మనిషి. మొదటి రెండుసార్లు ఏమీ కాలేదు, మూడోసారి పడిపోయారు. మీ నాన్న దీన్ని "ఏమీ కాదు" అనడానికి సాక్ష్యంగా చూస్తున్నారు. నాకు మాత్రం ఎందుకు అయిందో చెప్పే సాక్ష్యంలా కనిపిస్తోంది.

కోలినెస్టరేజ్ ఎంజైమ్‌ని వంద మంది కూలీల ముఠా అనుకోండి. మొదటి రోజు మందు కొట్టినప్పుడు ముప్పై మంది మంచం పట్టారు. మిగిలిన డెబ్బై మంది పని లాక్కొచ్చారు, పైకి ఏమీ తెలియలేదు. ఇక్కడ చిక్కేమిటంటే, గట్టిగా అతుక్కుపోయిన ఎంజైమ్ మళ్లీ పనికి రాదు, ఒళ్లు కొత్తది తయారు చేసుకోవాలి. ఎర్ర రక్త కణాల్లోని ఎంజైమ్ కోలుకునే వేగం రోజుకు ఇంచుమించు ఒక శాతం. అంటే పది రోజులకు పది మంది కొత్త కూలీలు. ముఠా ఎనభైకి వచ్చింది. రెండోసారి కొట్టారు, మళ్లీ ముప్పై పోయింది, యాభై. ఇక్కడికొచ్చేసరికి తలనొప్పి, నీరసం లాంటివి మొదలవ్వచ్చు, ఎండ వల్లే అనుకుని వదిలేస్తారు. పది రోజులకు అరవై. మూడోసారి కొట్టారు, ముప్పై. ఇక పని ఆగింది, బెల్ మోగడం మొదలైంది. అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఒంట్లో జరిగేది మాత్రం ఇదే పద్ధతి. మందు ఒంట్లోంచి కొద్ది రోజుల్లోనే బయటికి పోతుంది, అది చేసిన నష్టం పోదు. రేపు నాలుగోసారి కొడితే లెక్క ముప్పై, నలభై దగ్గర నుంచి మొదలవుతుంది. అందుకే ఈ సీజన్‌కి పంపు దించమంటున్నాను. పరీక్షలో వచ్చే అంకె కూడా ఈ ముఠా బలమే. మనిషి మనిషికీ మామూలు అంకె వేరు కాబట్టి, వచ్చే ఏడు సీజన్ మొదలవకముందే ఒకసారి చేయించి దాచుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ముప్పై ఏళ్ల మాట ఇంకోటి. రచ్చబండ దగ్గర కూర్చుని "నాకేం కాలేదు" అనే వాళ్లంతా ఏమీ కానివాళ్లే. అయినవాళ్లు అక్కడ కూర్చుని చెప్పలేరు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు.  ఆ ఏడాది చేను మనిషి ఎత్తు పెరిగింది, పంపు నాజిల్ తలకు సమానంగా పట్టుకోవాల్సి వచ్చింది, రెండు మూడు మందులు కలిపి కొట్టారు.

విషం ఏ దారిన లోపలికి పోయిందన్నది మోతాదంత ముఖ్యం. మందు తాగితేనే ప్రమాదం అని మన పల్లెల్లో గట్టి నమ్మకం. మీ నాన్నగారు తాగలేదు, బహుశా పీల్చింది కూడా కొంచెమే. అసలు దారి చర్మం. ఇందులోనూ ఒళ్లంతా ఒకటి కాదు. యాభై ఏళ్ల కిందట పారాథియాన్ అనే ఇదే జాతి మందుతో మనుషుల మీద కొలిచి చూశారు. ముంజేతి మీద వేస్తే ఎంత పీల్చుకుందో దాన్ని ఒకటి అనుకుంటే, అరచేతిలో ఒకటికి కొంచెం ఎక్కువ, నుదుటి మీద నాలుగు, తలలో ఇంచుమించు అంతే, వృషణాల మీది చర్మం దగ్గర పన్నెండు. ఇప్పుడు ఆ సాయంత్రం మీ నాన్నగారిని కళ్ల ముందు పెట్టుకోండి. వీపు మీద పదహారు లీటర్ల ట్యాంకు. మూత దగ్గర వాషర్ అరిగిపోతే ప్రతి అడుక్కీ కాస్త చిలుకుతుంది, చొక్కా వీపు మీద తడిసి నడుం దాకా దిగుతుంది. చేను నడుం ఎత్తు ఉంటే, అప్పుడే మందు పడ్డ కొమ్మల మధ్యలోంచి నడుస్తున్నాడు కాబట్టి లుంగీ ముందు భాగమంతా తడుస్తుంది. తడిసిన లుంగీ తొడల మధ్య అతుక్కుంటుంది. మూడు నాలుగు గంటలు అలాగే. ముఖానికి తువ్వాలు మాత్రం గట్టిగా కడతారు. ఆ తువ్వాలు కూడా తడిసి మందును ముక్కు దగ్గరే పట్టుకుని కూర్చుంటుంది. కాపలా పెట్టింది ఒక తలుపు దగ్గర, దొంగ దూరింది ఇంకో తలుపులోంచి.

అన్నిటికన్నా ప్రమాదం కొట్టేటప్పుడు కాదు, కలిపేటప్పుడు. లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్ల లెక్కన కలుపుతారనుకుందాం. అంటే సీసాలో మందు ట్యాంకులో దానికన్నా ఐదు వందల రెట్లు చిక్కన. మూత తీస్తుంటే వేలి మీద కారిన ఒక్క చుక్క, ట్యాంకు మందు ఐదు వందల చుక్కలు మీద పడినదానితో సమానం. సీసా మందులో నీళ్లు కాకుండా నూనె లాంటి ద్రావకాలు కూడా ఉంటాయి, అవి చర్మంలోకి ఇంకా తొందరగా లాక్కెళ్తాయి. కర్ర లేకపోతే చేత్తోనే కలిపేసే అలవాటు చాలామందికి ఉంది. నాజిల్ మూసుకుపోతే నోట్లో పెట్టుకుని ఊదే అలవాటు కూడా. ఫోన్ చేసినప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టి ఈ రెండూ అడగండి. నవ్వి ఊరుకున్నారంటే చేస్తున్నారనే అర్థం. నైట్రైల్ గ్లవ్స్ ఒక జత, నాజిల్ పొడుచుకోవడానికి ఒక పాత టూత్ బ్రష్, పంపు వాషర్ ఒకటి పంపండి. పెద్ద ఖర్చేమీ కాదు. ఎవరు పంపు మోసినా నడుం నుంచి మోకాళ్ల దాకా నీళ్లు దిగని ఏప్రాన్ కట్టుకోవాలి, యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి కట్టుకున్నా ఫరవాలేదు. బాగుండదు, ఉక్కపోస్తుంది, నాకు తెలుసు. అందుకే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, గాలి వీపు వైపు ఉండేలా నడుస్తూ కొట్టమనేది.

అమ్మ చేసిన పనిలో సగం బంగారం. స్నానం చేయించడమే మీ నాన్నను కాపాడింది. చర్మం మీద ఇంకా ఉన్న మందు సబ్బుతో పోయింది, దాంతో మోతాదు ఆగింది. పేరు మాత్రం మజ్జిగకు వచ్చింది. చర్మంలోంచి ఎక్కిన విషానికి కడుపులో పోసిన మజ్జిగ ఏం చేయగలదు? ఈసారి నష్టం లేకపోయింది. కానీ స్పృహ తప్పుతున్న మనిషికి ఏది తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్లు, చింతపండు రసం పోసి వాంతి చేయించడం ఇంకా చెడ్డది. ముఖ్యంగా మందు మింగినప్పుడు, అందులోని ద్రావకం వాంతితో పైకొచ్చి ఊపిరితిత్తుల్లో పడితే ఆ న్యుమోనియా ఇంకో గండం. ఇలాంటిది మళ్లీ జరిగితే ఒకటే వరస: బట్టలు పూర్తిగా విప్పేయండి, తల నుంచి సబ్బుతో కడగండి (కడిగేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోవాలి), పక్కకు తిప్పి పడుకోబెట్టండి, 108కి ఫోన్ చేయండి, డబ్బా చేతిలో పట్టుకుని వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో నేషనల్ పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉంది, టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్లి సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోవద్దు.

ఇలా అయినవాళ్లు తెల్లారేసరికి బాగుండి, ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మళ్లీ పడిపోవడం కూడా ఉంది. దిండు మీంచి తల ఎత్తలేకపోవడం దాని గుర్తు. తర్వాత ఊపిరి తీసే కండరాలు బలహీనమవుతాయి. మీ నాన్నగారికి వారం దాటింది కాబట్టి ఆ గండం గడిచినట్టే. ఇంకో రెండు మూడు వారాలు పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలడం ఉన్నాయేమో కనిపెట్టి ఉండండి. ఉంటే నరాల డాక్టరుకు చూపించాలి.

పసుపు గుర్తు గురించి. డబ్బా మీద డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటుంది, దాని కింది సగం రంగు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు. ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే సగం ఎలుకలు చనిపోయే మోతాదు ఎంతో చూసి ఈ రంగులు ఇస్తారు. బరువు కిలోకు 1 నుంచి 50 మిల్లీగ్రాములైతే ఎరుపు, 51 నుంచి 500 అయితే పసుపు, 501 నుంచి 5000 నీలం, ఆపైన ఆకుపచ్చ. అంటే పసుపు రెండో ర్యాంకు, పాస్ మార్కు కాదు. దాని మీద కూడా "విషం" అనే రాసి ఉంటుంది, పుర్రె బొమ్మ ఒక్కటే ఉండదు. పైగా అది ఒక్కసారి ఒక్క మోతాదు లెక్క. మూడు వారాల్లో మూడుసార్లు కొడితే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ముఠా లెక్క డబ్బా మీద ఉండదు.

ఒక్కసారిగా పడగొట్టేదీ, ఏళ్ల తరబడి కొరికేదీ వేర్వేరు అని చెప్పడానికి నల్గొండను మించిన ఉదాహరణ మనకు అక్కర్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ కాస్త ఉంటే పళ్లు పుచ్చవు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరేనని మన ప్రమాణాలు. అంతకు కొన్ని రెట్లు ఎక్కువ ఉన్న బోరు నీళ్లు తాగిన ఏ ఒక్కరూ ఆ రోజు మంచం పట్టలేదు. నీళ్లు బాగానే ఉన్నాయనే అనుకున్నారు. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు గీతలొచ్చాయి, నలభై ఏళ్లకు నడుం వంగి లేవని మనుషులయ్యారు. ఒకే పదార్థం, మేలు చేసే గీతకూ కీడు చేసే గీతకూ మధ్య దూరం లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు, మిగతాదంతా కాలం చేసిన పని.

బాబు దగ్గరికొద్దాం. రెండేళ్ల పిల్లాడి బరువు పన్నెండు కిలోలనుకుంటే, మీ నాన్నగారి అరవై కిలోలకు ఐదో వంతు. అదే చుక్క ఇద్దరి మీద పడితే వాడికి ఐదు రెట్లు పడినట్టు. చర్మం పలచన. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం కూడా పిల్లల్లో ఎక్కువ. నేల మీద పాకుతాడు, చేయి నోట్లో పెట్టుకుంటాడు, తాత రాగానే కాళ్లు పట్టుకుంటాడు. అందుకని మందు బట్టలు ఇంట్లోకి రాకుండానే విడవాలి. వాటికి వేరే బకెట్, ముందు ఉత్త నీళ్లలో జాడించి ఆ నీళ్లు చేనులోనే పారబోసి, తర్వాత డిటర్జెంట్‌తో ఉతికి ఎండలో ఆరేయాలి. అమ్మకు కూడా గ్లవ్స్ కావాలి. ముప్పై ఏళ్లుగా ఆ బట్టలు ఒట్టి చేతులతో ఉతికింది ఆవిడే కదా, పరీక్ష ఆవిడకీ చేయిస్తే మంచిది. స్నానం, బట్టలు అయ్యాకే తాత మనవణ్ణి ఎత్తుకోవాలి.

ఖాళీ డబ్బాల సంగతి మీరు అడగలేదు, నేను వదలను. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది, పురుగు మందు డబ్బాలో నూనె పోయడమే కారణమని తేలింది. మీ ఇంట్లో ఖాళీ మందు డబ్బాలో కిరోసినో, నీళ్లో, విత్తనాలో ఉన్నాయేమో చూడమనండి. కడిగినా పోదు. డబ్బాకు చిల్లి పొడిచి పారేయాలి. నిండు డబ్బాలు ఇంట్లో మంచం కింద, గూట్లో వద్దు. చేను దగ్గర పెట్టెలో తాళం వేసి ఉంచమనండి. తాళం పిల్లల కోసమే కాదు. కోపంలో, దుఃఖంలో చేయి చాపిన పెద్దవాళ్లకు కూడా ఆ డబ్బా అందకూడదు. క్యాజువాల్టీలో ఎక్కువగా చూసింది అలాంటి వాళ్లనే, తర్వాత "ఆ నిమిషం అది దొరక్కపోతే బాగుండేది" అన్నవాళ్లని కూడా చూశాను.

మీ తమ్ముడి ప్లాన్ విని నవ్వొచ్చింది, తిట్టాలనీ అనిపించింది. పొగాకులో నికోటిన్ ఉంటుంది. మీ నాన్నకు మోగిన బెల్ గుర్తుంది కదా, నికోటిన్ నేరుగా అదే బటన్‌ని నొక్కుతుంది. చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. మంచు తడి ఆరని పచ్చి పొగాకు ఆకు కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు రావడం ప్రపంచమంతా ఉన్న జబ్బు, పొగ తాగని కూలీలకు ఇంకా ఎక్కువ వస్తుంది. పొగాకు కషాయం కాచి నడుం దాకా తడిసేలా కొడితే సహజంగానే వాంతులవుతాయి. గన్నేరు సహజమే, గురివింద గింజ సహజమే, పాము విషం అన్నిటికన్నా సహజం. మొక్క తన ఆకు ఎవరూ తినకూడదని తయారు చేసుకున్న పురుగు మందే చాలాసార్లు మనం "మూలిక" అని పిలిచేది. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో ఒకదాన్ని, అగదతంత్రాన్ని, విషాలకే కేటాయించింది. సహజమైతే చాలు మంచిదని వాళ్లు అనుకోలేదు.

ఉమ్మెత్తది ఇంకా తమాషా. ఉమ్మెత్తలో ఉండే వాటిల్లో అట్రోపిన్ ఒకటి. అట్రోపిన్ ఆ బెల్ వైరు తెంపేస్తుంది, అందుకే ఉమ్మెత్త కాయ తిన్నవాడికి నోరు ఎండి, కంటి పాపలు పెద్దవై, ఒళ్లు కాలిపోతూ, పిచ్చి మాటలు మాట్లాడతాడు. మీ నాన్నకు వచ్చినదానికి ఒక్కొక్కటిగా తిరగేసిన బొమ్మ. సరిగ్గా ఆ కారణానికే, ఆర్గానో ఫాస్ఫేట్ విషం ఎక్కిన మనిషికి ఆసుపత్రిలో ముందుగా ఎక్కించేది అట్రోపినే. ఊపిరితిత్తుల్లో గురగుర ఆగేదాకా, నాడి వేగం అందుకునేదాకా మోతాదు పెంచుకుంటూ పోతారు. మామూలు మనిషికిస్తే మతి పోయేంత అట్రోపిన్ ఆ రోగికి సరిపోకపోవచ్చు. అదే మందు, అంతే మోతాదు, ఒకడికి విషం, ఒకడికి ప్రాణం. అలాగని ఇది చదివి ఎవరూ ఉమ్మెత్త ఆకు నూరి తాగించొద్దు. ఒక కాయలో ఎంత ఉందో కాయకే తెలియదు, అందులో అట్రోపిన్‌తో పాటు ఇంకేవో కూడా ఉంటాయి. ఆసుపత్రి ఆంపుల్‌కీ పెరట్లో కాయకీ తేడా కొలతే. తమ్ముడికి నిజంగా మందులు తగ్గించాలని ఉంటే వేప కషాయం ఉంది, పసుపు రంగు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు ఉన్నాయి. వ్యవసాయ విస్తరణాధికారిని అడిగితే ఏ పురుగుకు ఏది పని చేస్తుందో చెబుతారు. అసలు ఎన్నిసార్లు కొట్టాలన్నది మందుల దుకాణం వాళ్లు కాకుండా పురుగును లెక్కపెట్టి చూసిన మనిషి చెబితే ముఠా సగం బతుకుతుంది.

ఇక కూరగాయలు. మీ టెన్షన్ అంతా దీని మీదే ఉన్నట్టుంది గానీ, మీ ఇంట్లో ప్రమాదం ఇక్కడ అన్నిటికన్నా తక్కువ. ఒక మందు రోజూ బతికినంత కాలం తిన్నా ఫరవాలేదనే మోతాదు ఎలా లెక్కిస్తారంటే, జంతువుల్లో ఏ హానీ కనిపించని మోతాదు తీసుకుని, మనిషి జంతువుకన్నా సున్నితమేమోనని పదితో భాగిస్తారు, మనుషుల్లో కొందరు ఇంకా సున్నితమని మళ్లీ పదితో భాగిస్తారు. అంటే నూరో వంతు. కూరగాయల్లో ఎంత అవశేషం ఉండవచ్చన్నది ఆ లెక్క దాటకుండా నిర్ణయిస్తారు. గీత దాటిన బెండకాయ ఒక రోజు తింటే పడిపోతామని కాదు, ఆ గీత గోతికి చాలా ఇవతల గీశారు. రోజూ దాటితే మాత్రం మంచిది కాదు. పారే నీళ్లలో రుద్ది కడగండి, తొక్క తీయగలిగినవి తీయండి. మీ మిరపకైతే, మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో లేబుల్ మీద ఉంటుంది, అది పాటిస్తే మీరూ బాగుంటారు, మీ కాయ కొన్నవాళ్లూ బాగుంటారు. ఈ విషయంలో ఇంతకుమించి నిద్ర పాడుచేసుకోకండి.

నాన్నతో ఎలా మాట్లాడాలో కూడా అడిగినట్టే అనిపించింది ఉత్తరం చదువుతుంటే. "విషం, విషం" అని మొదలుపెడితే వినరు. ముప్పై ఏళ్ల పనితనాన్ని తప్పు పట్టినట్టు అనిపిస్తుంది ఆయనకు. వంద మంది కూలీల లెక్క చెప్పండి. ముఠాలో ముప్పై మందే మిగిలితే పత్తి తీయిస్తావా నాన్నా అని అడగండి. కూలీల లెక్క ఆయనకు మనకన్నా బాగా తెలుసు.

పరీక్ష రిపోర్టు వచ్చాక నాకు పంపండి. దానితోపాటు ఈ సీజన్‌లో ఏ తేదీన ఏ మందు కొట్టారో, ఎన్ని ట్యాంకులో ఒక కాగితం మీద రాయించండి. తేదీలు గుర్తు లేవంటే దుకాణం చీటీలు ఉంటాయి, వాటి ఫోటోలు చాలు.